తూర్పు గోడ మీద అయిదో గీత

నా చిన్నప్పుడు సిద్దిపేటలో మా ఇల్లు చెరువుకు ఎంత దగ్గరగా ఉండేదంటే, వానలు బాగా పడిన ఏడు మా అమ్మ వెనక గడప మీద కూర్చునే బియ్యం కడిగేది. నీళ్లు మూడో మెట్టు దాకా వచ్చేవి. కడిగిన నీళ్ల కోసం పిల్ల చేపలు మెట్టు అంచున గుంపుగా చేరి, అమ్మ గాజుల చప్పుడు వినిపించగానే తోసుకునేవి. ఎండాకాలం వచ్చేసరికి అదే చెరువు ఎక్కడో దూరంగా తళుక్కుమనే గీతలా మిగిలేది. మా మెట్లు మాత్రం ఎందుకు కట్టారో ఎవరికీ తెలియనట్టు ఎండలో పడి ఉండేవి.

ఆ ఇల్లు కట్టింది మా తాతకు తాత. ఆయన గోదావరి ఒడ్డు నుంచి వచ్చిన పడవల వడ్రంగి. ఆ రోజుల్లో మా ఊళ్లో నాగళ్లు, బండ్లు చేసేవాళ్లు ఉన్నారు కానీ పడవ చేసేవాళ్లు లేరట. చేపలు పట్టడానికి, అవతలి ఒడ్డు పొలాలకు నారు చేరవేయడానికి, తూము పూడుకుపోతే మనుషులు నీళ్ల నడుమకు వెళ్లడానికి పడవ కావాలి. అందుకని ఆయనకు చెరువు ఒడ్డున జాగ ఇచ్చి ఉండమన్నారు. ఆయన ఇల్లు కట్టుకున్న తీరు చూస్తే ఎవరి కోసం కట్టుకున్నాడో తెలిసిపోయేది. నీళ్ల వైపున్న మంచి సగం పడవలకు, మిగిలిన సగం మనుషులకు. పడవలకిచ్చిన సగాన్ని మేము సాల అనేవాళ్లం. దానికి మూడు వైపులే గోడలు. పడమటి వైపు గోడ లేకుండా నేరుగా చెరువులోకి తెరుచుకొని ఉండేది, చేసిన పడవను అక్కడి నుంచే నీళ్లలోకి జార్చడానికి. మధ్యాహ్నం దాటాక ఎండ నీళ్ల మీద పడి, అక్కడి నుంచి మా సాల పైకప్పు కిందికి పాకి, వాసాల మీద వల పరిచినట్టు కదిలేది.

నాకు తొమ్మిదేళ్లు వచ్చేసరికి పడవలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. మా తాత కూడా ఎక్కువగా బండి చక్రాలు, గొర్రులే చేసేవాడు. కానీ ఇంటిని మాత్రం పడవను చూసుకున్నట్టే చూసుకునేవాడు. వానలకు ముందు పెంకు పెంకూ ఎత్తి సర్దేవాడు. దూలాలకు ఆముదం రాసేవాడు. నీళ్లు తగిలే స్తంభాల మొదళ్లకు గుగ్గిలం, నూనె కాచి పూసేవాడు. సాలలోని తూర్పు గోడను ఎప్పుడూ తాటాకు తడకలతో మూసి ఉంచేవాడు. ఆ గోడ జోలికి పోవద్దని ఇంట్లో అందరికీ ఒకటే మాట. ఎందుకని మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. అందులో పామేదో ఉందని నేను నమ్మాను.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. చెరువులో ఉన్న ఒకే ఒక్క పడవ, మా తాత చేతి పడవే, అలుగు దగ్గర రాళ్లకు కొట్టుకొని ముక్కలైంది. దొరికిన చెక్కలు ఎవరి పొయ్యిలోకో పోయాయి. చేపలు పట్టేవాళ్ల పెద్దమనిషి మా ఇంటికి వచ్చి, చెరువు నిండా చేప ఉంది, ఒడ్డున నిలబడి చూసుడే అయితుందని మొరపెట్టుకున్నాడు. అప్పుడు రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండేది. ఇనుము దొరకడం కష్టం. మా తాత నవ్వి, మా పడవల్లో ఇనుము ఎప్పుడుంది గనుక, అన్నీ కొయ్య మేకులే కదా అన్నాడు. కట్టె ముందే నానవేసి ఉంది. పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య, వెళ్లిన మర్నాడు పని మొదలుపెట్టాలని మాట అయింది. చాలా ఏళ్ల తర్వాత వచ్చిన పడవ పని. ఆ వారం రోజులు మా తాత నడకే మారిపోయింది. నేను డైరీ రాయడం మొదలుపెట్టింది పెద్దయ్యాక కాబట్టి తేదీ చెప్పలేను. కానీ నేను చెప్పబోయేది పెత్రమాసకు ముందటి రోజని మాత్రం ఖాయంగా చెప్పగలను.

పెత్రమాస సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. బతుకమ్మలను నీళ్లలో వేయడానికి ఆడవాళ్లందరూ వచ్చేది మా మెట్ల దగ్గరికే. అందుకని ఇల్లు అలకడం మా ఇంట్లో పెద్ద పని. ఆ ఏడు అమ్మకు ఒళ్లు బాగాలేదు. పక్కింటి అక్క కొంగు నడుముకు చెక్కి, నన్ను వెంట తీసుకుంది. ఆమె మగ్గాల ఇంటి పిల్ల, నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది. ఆమె ఏ పని చేసినా పక్కవాళ్లు నవ్వి నవ్వి అలిసిపోవాలి. ఇద్దరం తెల్లవారగానే గుట్ట కింద నుంచి ఎర్రమట్టి తెచ్చి, నానబెట్టి, కాళ్లతో తొక్కి, గుడ్డతో వడకట్టాం. మధ్యాహ్నంలోపు ముందు గది, వంటిల్లు, అరుగులు అయిపోయాయి. గంపలో ఇంకా మట్టి మిగిలింది.

సాలలోకి వెళ్లి చూస్తే తడకలు లేవు. ఎల్లుండి పని మొదలు కదా అని తాత పొద్దున్నే వాటిని విప్పి పక్కన పెట్టి, గుగ్గిలం కోసం మిరుదొడ్డి వైపు వెళ్లాడు. మొదటిసారి ఆ గోడ చూశాను. పామూ లేదు, ఏమీ లేదు. పాత మట్టిగోడ. నిండా గీతలు. ఒకదాని లోపల ఒకటి, వంకర్లు వంకర్లుగా.

"బర్రె కొమ్ములు రుద్దినట్టుంది గదనే!" అంది అక్క. "రేపు ఊరంత మీ ఇంటికే వస్తది. గిదేనా సూపెట్టేది?"

"తాత ముట్టొద్దన్నడక్కా."

"ఎందుకు ముట్టొద్దన్నడు? పాతగున్నదని సిగ్గయి అన్నడు. కొత్తగ చేస్తె ఎవరన్న కోపానికొస్తరా?"

ఆ మాటలో తప్పేముందో ఇప్పటికీ నేను చెప్పలేను. ఇద్దరం రెండు పూతలు పూశాం. ఒక చోట వాన కురిసి గోడ పెచ్చు లేచి ఉంటే, అక్క గుప్పెడు మట్టి కొట్టి, అరచేత్తో మెత్తి నున్నగా చేసింది. పైన సున్నంతో పువ్వులు పెట్టాం, అంచుకు తీగ వేశాం. అక్క వెనక్కి జరిగి నడుం మీద చేతులు పెట్టుకొని, "పెండ్లిపిల్ల లెక్క లేదూ!" అంది. నిజంగానే ఉంది. ఎండ పడమటి నుంచి తిరిగి గోడ మీద పడేసరికి అది ఆరి, పండిన మిరపకాయ రంగులో మెరిసిపోయింది.

అప్పుడే తాత వచ్చాడు. వెంట పెద్దమనిషి కూడా ఉన్నాడు, కట్టె చూసుకుందామని. నేను ఎదురెళ్లి తాత చేయి పట్టుకొని గోడ ముందుకు లాక్కొచ్చాను. మెచ్చుకుంటాడని.

ఆయన తలపాగా తీశాడు. నెమ్మదిగా, కాలి కింద నేల ఉందో లేదో చూసుకుంటున్నట్టు, మొద్దు మీద కూర్చున్నాడు.

పెద్దమనిషికి ఏమీ అర్థం కాలేదు. "ఏం బావా, గోడకు పెండ్లి చేస్తున్నవా? మాకు చెప్పనే లేదు!" అన్నాడు.

"గీతలు పోయినయ్ బావా," అన్నాడు తాత. "పడవ పోయింది."

అప్పుడు తెలిసింది మాకు. ఆ గీతలు పడవ పక్కటెముకల కొలతలు. మా తాతకు తాత ఇనుప మేకుతో గీసినవి. మొన కాడి చిన్న ఎముక నుంచి నడుమ పొట్ట కాడి పెద్ద ఎముక దాకా తొమ్మిది గీతలు, ఉల్లిగడ్డను నిలువుగా కోసినట్టు ఒకదాని చుట్టూ ఒకటి. రెండో సగానికి మళ్లీ అవే. కట్టెను చెక్కుతూ చెక్కుతూ తెచ్చి గోడకు ఆనించి చూడాలి. గీత మీద కూర్చుంటేనే ఎముక సరిగా వచ్చినట్టు. వంపు వేలెడు తేడా వచ్చినా పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ కొలతలు కాగితం మీద లేవు, ఎవరి నోట్లోనూ లేవు. విరిగిపోయిన పడవ ఉంటే దాన్ని చూసి కొలుచుకునేవాళ్లు, అదీ పొయ్యిలో బూడిదైంది. మూడు తరాల పడవలు ఆ గోడలోంచే వచ్చాయి. నేనూ అక్కా కలిసి ఒక్క పూటలో దాన్ని అలికేశాం.

నేను ఏడుస్తూ తడిగుడ్డ తీసుకొని గోడ మీదికి ఉరికాను. కడిగేస్తే పోతుందని.

"ఆగు! చెయ్యి పెట్టకు!" తాత అంత గట్టిగా అరవడం అదే మొదటిసారి, అదే చివరిసారి. "రుద్దితివా, పై మట్టితోటి పాత మట్టి సుత ఊడొస్తది."

అక్క గోడ వైపు చూడలేక నేల చూస్తోంది. లోపలి నుంచి మా నాయనమ్మ వచ్చింది. సంగతి విని, ఆమె మమ్మల్ని తిట్టలేదు. తాత వైపు తిరిగింది.

"నువ్వు చెప్పినవా పిల్లలకు, గిది గిట్ల అని? పిల్లల సంగతి ఇడిసిపెట్టు, నాకు చెప్పినవా? లగ్గమై వచ్చినకాడికెల్లి ముట్టకు ముట్టకు అంటనే ఉన్నవు. ముట్టలే. ఎందుకో నాకిప్పటిదాక తెల్వది. నేను సుత దయ్యమున్నదేమో అనుకున్న!"

"ఆడోళ్లకు పడవ పనెందుకని..." అన్నాడు తాత.

"గందుకే మరి. అలికేది ఆడోళ్లు, చెప్పేది మొగోళ్లకు! ఇగ గోడ ఎట్లుంటది?"

పెద్దమనిషి ముందుగా నవ్వాడు, ఆపుకోలేక. తర్వాత తాత ముఖం కూడా మెల్లగా కదిలింది. "నిజమే," అన్నాడు. "తప్పు నాదే. దాసిపెట్టిన గని చెప్పిపెట్టలే." లేచి గోడ దగ్గరికి వెళ్లి, అరచేయి ఆనించి చూశాడు. ఎన్ని పూతలు పూశారని అడిగాడు. మట్టి ఎంత పల్చగా కలిపారని అడిగాడు. అక్క భయం భయంగా చెప్పింది. ఆయన కళ్లలోకి కాస్త ఆశ వచ్చింది.

వేపకొమ్మ ఒకటి విరిచి తెమ్మన్నాడు. బిందెతో నీళ్లు పోయలేదు. కొమ్మను ముంచి, విదిలించి, గోడ మీద సన్నటి తుంపర చల్లాడు, పైనుంచి కిందికి, ఒక్క చోటు వదలకుండా. మా సున్నపు పువ్వులు కరిగి తెల్లటి చారలుగా జారాయి. గోడంతా నల్లెరుపు రంగుకు తిరిగింది. కొమ్మ కింద పెట్టి, "ఇగ కూసోన్రి," అన్నాడు. "పల్చగున్న కాడ మట్టి జల్ది ఆరుతది. గీతలల్ల నిండిన మట్టి మందంగుంటది, అది ఆఖరుకు ఆరుతది. సూస్తనే ఉండాలె."

మేమందరం గోడకు ఎదురుగా, తోలుబొమ్మలాటకు వచ్చినట్టు వరసగా కూర్చున్నాం. వెనక చెరువు. వీపుల మీద ఎండ. గోడ మీద మా నీడలు పడుతున్నాయని తాత అందరినీ పక్కలకు జరిపాడు. ఎంత సేపో తెలియదు. చివరికి అక్కే, "సినిమా మొదలుగాక ముందే నాకు నిద్రొచ్చేటట్టుంది," అని గొణిగింది.

ముందు గోడ పై అంచు లేత రంగుకు వచ్చింది. తర్వాత అక్కడక్కడ మచ్చలు. ఆ మచ్చలు పెరిగి ఒకదానితో ఒకటి కలుస్తున్నప్పుడు, వాటి నడుమ ఒక సన్నటి నల్లటి దారం మిగిలిపోయింది. కొడవలిలా వంగిన దారం.

"అగో!" అని అరిచాను.

"ఏది? యాడ?" తాత కళ్లు చికిలించాడు. ఆయనకు చూపు మందగించిందని మాకు తెలుసు, కానీ అంత మందగించిందని ఆ రోజే తెలిసింది. పొయ్యిలోంచి బొగ్గులు తెమ్మని నాయనమ్మకు చెప్పి, నా వైపూ అక్క వైపూ చూశాడు. "మీరే గీయాలె. ఆరకముందే గీయాలె. ఆరిందంటె మళ్ల కనవడది."

అప్పుడు మొదలైంది అసలు సంబరం. నాయనమ్మ ఒక గీత చూపిస్తుంటే, పెద్దమనిషి ఇంకొకటి చూపిస్తున్నాడు. "గీడ బిడ్డా, గీడ!" "కాదు పైకి, పైకి!" అక్క ఎత్తు ఉన్నంత మేర ఆమె, కింది సగం నేను. ఒకరి చేతిలోని గీతను ఇంకొకరు అందుకుంటూ, ఆగకుండా, వణక్కుండా లాగేశాం. రోజూ వాకిట్లో ముగ్గు వేసే చేతులవి. గుండ్రం తిప్పమంటే గుండ్రం తిరుగుతాయి, తీగ లాగమంటే తీగ సాగుతుంది. నల్లటి తడి గీత వెనక్కి తగ్గుతుంటే మా బొగ్గు దాని వెంట పరుగెత్తింది. తాత దగ్గరికి వచ్చి బొగ్గు గీతను బొటనవేలితో తడిమి, పెద్దమనిషితో, "ఇన్నేండ్ల సంది బాడిస పట్టిన, గింత సాఫుగ నా చేతికి రాలె బావా," అన్నాడు. అక్క బొగ్గు ముఖంతోనే వెనక్కి తిరిగి, "అయితె ఇగ నువ్వు ముగ్గులెయ్యి తాతా, మేము పడవలు చేస్తం!" అంది.

గోడ మొత్తం ఆరిపోయింది. లెక్కపెట్టాం. ఎనిమిది.

మళ్లీ లెక్కపెట్టాం. ఎనిమిదే. నాలుగో గీతకూ ఆరో గీతకూ నడుమ ఖాళీ. అక్క గుప్పెడు మట్టి మెత్తింది సరిగ్గా అక్కడే. పెచ్చుతో పాటు గీత పైసగం పోయింది, కింది సగం ఆ మందం కింద చిక్కుకుపోయింది. మళ్లీ నీళ్లు చల్లాం. ఆ భాగమంతా ఒకే రంగులో ఉండి, ఒకే రంగులో ఆరింది. అందరి ముఖాలు మళ్లీ పడిపోయాయి. ఎనిమిది ఎముకలతో పడవ నిలవదని నాకు కూడా అర్థమైంది.

నేను ఆ ఖాళీ వైపు చూస్తూ నిలబడ్డాను. ముగ్గులో చుక్కల వరుస ఒకటి చెరిగిపోతే పక్క వరుసలను చూసి మళ్లీ పెట్టుకుంటాం. ఈ గీతలు కూడా అంతే కదా అనిపించింది. రెండింటికీ సరిగ్గా నడుమ కాదు. మొదటి గీతకూ రెండోదానికీ ఎడం ఎక్కువ, పోను పోను ఎడం తగ్గుతూ వస్తోంది. అంటే అయిదోది ఆరోదానికి కొంచెం దగ్గరగా ఉండాలి. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అప్పటికే ఒక తప్పు చేసినదాన్ని. బొగ్గు పట్టుకొని తాత ముఖం చూశాను. ఆయన పక్కకు జరిగాడు. అక్క నన్ను ఎత్తి పట్టుకుంది. పైనుంచి కింది దాకా ఒక్క లాగులో గీశాను.

తాత సన్నటి వెదురుబద్ద తెచ్చాడు. దాన్ని వంచి నాలుగో గీతకు ఆనించాడు, ఆరోదానికి ఆనించాడు. తర్వాత నా గీతకు ఆనించాడు. వెదురుబద్ద అబద్ధం చెప్పదని ఆయన అనేవాడు. వంపులో ఎక్కడ దోషం ఉన్నా అది అక్కడ గీతను వదిలి లేస్తుంది. ఆయన కళ్లు మూసుకొని వేలితో బద్ద పొడవునా తడిమాడు. ఎక్కడా లేవలేదు. మేకు తీసుకొని, ముందుగా నా గీతనే లోతుగా చెక్కాడు, తర్వాత మిగతా ఎనిమిదింటినీ.

దీపావళి దాటాక పడవ పూర్తయింది. పది మంది పట్టుకొని సాలలోంచి నీళ్లలోకి జార్చారు. ముందుగా ఎక్కించింది నన్నూ అక్కనూ. పెద్దమనిషి చెరువు నడుమకు తీసుకెళ్లి, అటూ ఇటూ ఊపి, వంగి అడుగున తడిమి చూసి, ఒడ్డున ఉన్న తాతకు వినిపించేలా అరిచాడు. "బావా! మనుమరాలి ఎముక కాడ సుక్క నీరు సుత రాలే! నువ్వు చేసిన కాడనే జర చెమ్మ ఉన్నది!" ఒడ్డంతా నవ్వింది. అందరికంటే ఎక్కువగా మా తాత నవ్వాడు.

తడకలు మళ్లీ కట్టలేదు ఆయన. వాటిని విరిచి పొయ్యిలోకి ఇచ్చేశాడు. దానికి బదులు ఇంకో పద్ధతి పెట్టాడు. ఇంటికి కొత్త కోడలు వచ్చినా, చుట్టం వచ్చినా, పాలు పోసే ఆమె వచ్చినా, గోడ దగ్గరికి పిలిచి వేలు పెట్టించి తొమ్మిది గీతలూ తడిమించి, ఏది ఏమిటో చెప్పేవాడు. అయిదో గీత దగ్గర నా పేరు చెప్పేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. చెరువులో మా ఇంటి పడవలూ లేవు. మిగతా ఇల్లు రెండుసార్లు పడగొట్టి కట్టుకున్నాం. రెండుసార్లూ సాలను కూడా కలిపేద్దామన్న మాట వచ్చింది. రెండుసార్లూ అడ్డం నిలబడింది ఎక్కడెక్కడి నుంచో కోడళ్లుగా వచ్చినవాళ్లే. వాళ్లకు ఆ గోడ తెలుసు.

నేను బడిలో పాఠాలు చెప్పిన ముప్పై ఏళ్లూ, ఏ పిల్లకూ వద్దు అని ఊరికే చెప్పలేదు. ఎందుకు వద్దో చెప్పడానికి పట్టే సమయం, చెప్పకపోతే జరిగేది సర్దడానికి పట్టే సమయం కంటే తక్కువని ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది. ఆ అలవాటు నన్ను ఇంకా వదల్లేదు.

మొన్న వానలకు ముందు సాల పెంకులు సర్దడానికి ఒక మేస్త్రీ, అతని భార్య వచ్చారు. అతను నిచ్చెన తెచ్చి సరిగ్గా ఆ గోడకే వేశాడు. నా నోటి దాకా వచ్చిన మాటను మింగి, వాళ్లిద్దరినీ పిలిచి, వేలు పెట్టి చూడమన్నాను. మొత్తం కథ చెప్పాను. నిచ్చెన సంగతి ఎత్తలేదు. లోపలికి వెళ్లి చాయ్ పెట్టుకొని వచ్చేసరికి నిచ్చెన స్తంభానికి మారి ఉంది. మేస్త్రీ పైన పెంకులు తీస్తున్నాడు. అతని భార్య మాత్రం తట్ట కింద పెట్టి, అయిదో గీత మీద వేలు పెట్టి, పైనుంచి కిందికి నెమ్మదిగా తెస్తోంది.